ఫిర్యాదు ఒకచోట, రోగం మరోచోట: వర్చువలైజేషన్ హోస్ట్‌లో కెర్నెల్ నెట్‌వర్క్ ఎర్రర్లు

హైదరాబాద్‌లో క్లౌడ్ అనగానే 2022 నవంబరులో అమెజాన్ ఇక్కడ తెరిచిన రీజియన్ (డేటా సెంటర్ల సముదాయం) గుర్తొస్తుంది. నగరంలో వర్చువల్ మెషీన్లు (ఒకే కంప్యూటర్‌లో సాఫ్ట్‌వేర్‌తో తయారైన కంప్యూటర్లు) నడిచేది అక్కడ మాత్రమే కాదు. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ట్రైనింగ్ సెంటర్ల ల్యాబుల్లో, మాదాపూర్‌లోని చిన్న కంపెనీల మూలగదుల్లో, కూకట్‌పల్లి ఫ్లాట్లలో సొంతంగా నేర్చుకునేవాళ్ల టేబుళ్ల కింద కూడా అవి నడుస్తుంటాయి. సికింద్రాబాద్ సీటీసీలో సెకండ్ హ్యాండ్‌కి కొన్న ఒక మెషీన్ (ఇదే హోస్ట్), దాని మీద వర్చువల్ మెషీన్లను నడిపే ప్రాక్స్‌మాక్స్ గానీ ఉబుంటు లైనక్స్ మీద కేవీఎం గానీ, దాని మీద డజను గెస్టులు, అంటే వర్చువల్ మెషీన్లు. అన్నీ సవ్యంగా ఉన్నంతకాలం ఆ డబ్బా వైపు ఎవరూ చూడరు. ఒకరోజు గెస్టులన్నీ ఒక్కసారిగా నెట్‌వర్క్ నుంచి మాయమవుతాయి. అప్పుడు కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) రాసిన మాటలు చూపించే డీమెసేజ్ తెరుస్తారు. ఎర్ర అక్షరాల్లో ఒక లైన్ కనిపిస్తుంది. దాన్ని కాపీ చేసి వెతికితే ఎవరో ఎక్కడో ఇచ్చిన నాలుగు సిస్‌కంట్రోల్ (కెర్నెల్ తీరు మార్చే) సెట్టింగులు దొరుకుతాయి. అవి పేస్ట్ చేసి రీబూట్ చేస్తారు. పనిచేస్తే సరే, చేయకపోతే ఇంకో నాలుగు.

ఈ పద్ధతితో చిక్కేమిటంటే, కెర్నెల్ చెప్పే మాట చాలావరకు నిజమే గానీ, ఆ మాట చెప్పేది దెబ్బ తగిలిన పొర. దెబ్బ కొట్టిన పొర మాట్లాడదు. నొప్పి ఒకచోట, మందు ఒకచోట అన్నట్టు అయ్యేది ఇక్కడే. అందుకే మెసేజ్‌కి అర్థం వెతకడం కంటే ముందు, ఆ మెసేజ్ ప్యాకెట్ దారిలో ఏ మెట్టు దగ్గర పుట్టిందో తేల్చుకోవాలి.

ఆ దారి మామూలు సర్వర్‌లో కంటే పొడవు. గెస్ట్‌లోని అప్లికేషన్ పంపిన డేటా ముందు గెస్ట్ కెర్నెల్ దాటాలి. తర్వాత వర్టియో-నెట్ అనే నకిలీ కార్డు. అక్కడినుంచి హోస్ట్‌లో నడిచే వీహోస్ట్ థ్రెడ్ దాన్ని తీసుకుని ట్యాప్ ఇంటర్‌ఫేస్‌లో (గెస్ట్‌కి హోస్ట్ వైపున్న పోర్టులో) వేస్తుంది. ట్యాప్ నుంచి బ్రిడ్జ్ (సాఫ్ట్‌వేర్ స్విచ్), అవసరమైతే మధ్యలో ఫైర్‌వాల్, ఆపైన వీలాన్ (ఒకే తీగ మీద విడదీసిన నెట్‌వర్క్) గానీ బాండ్ (కార్డుల జోడీ) గానీ, చివరికి అసలు కార్డు డ్రైవర్, కేబుల్, స్విచ్. కేవీఎం 2007లో 2.6.20 కెర్నెల్‌తో వచ్చింది, వర్టియో 2008లో 2.6.24తో, వీహోస్ట్-నెట్ 2010లో 2.6.34తో. వేర్వేరు కాలాల్లో, వేర్వేరు మనుషులు, వేర్వేరు అవసరాల కోసం కట్టిన అంతస్తులివి. ఒక్కో అంతస్తుకీ సొంత క్యూ, సొంత కౌంటర్, సొంత గొంతు ఉన్నాయి. కొన్నిటికి గొంతే లేదు.

ఇంకో తేడా ఉంది. దాన్ని పట్టించుకోకపోవడం వల్లే నెట్‌లో దొరికే సలహాల్లో సగం వృథా అవుతాయి. వెబ్ సర్వర్‌లో కెర్నెల్ ప్యాకెట్‌కి గమ్యస్థానం. వర్చువలైజేషన్ హోస్ట్‌లో అదే కెర్నెల్ ఒక స్విచ్, చాలాసార్లు ఫైర్‌వాల్, కొన్నిసార్లు రౌటర్ కూడా. బ్రిడ్జ్ మీదుగా గెస్ట్‌కి వెళ్లే ఫ్రేమ్ హోస్ట్ టీసీపీ పొరను (కనెక్షన్లు నడిపే పొరను) తాకనే తాకదు. గెస్ట్‌కి తన టీసీపీ తనకుంది. కాబట్టి గెస్ట్‌లో డౌన్‌లోడ్ నెమ్మదిగా ఉందని హోస్ట్‌లో టీసీపీ బఫర్లు పెంచినా, కంజెషన్ కంట్రోల్ మార్చినా, సోమ్యాక్స్‌కాన్ (కనెక్షన్ల క్యూ పరిమితి) పెంచినా గెస్ట్‌కి ఒరిగేది ఏమీ లేదు. ఏ సెట్టింగ్ ఏ పొరదో తెలియకుండా కలిపేసిన ‘పర్ఫార్మెన్స్ ట్యూనింగ్’ ఫైళ్లు హోస్టుల్లో ఏళ్ల తరబడి అలాగే పడి ఉంటాయి. అవి చాలావరకు హాని చేయవు. కానీ అసలు సమస్య వచ్చిన రోజున ఏది ఎందుకు పెట్టారో ఎవరికీ గుర్తుండదు.

కరెంటు పోయి వచ్చాక

మే నెలలో హైదరాబాద్‌లో సాయంత్రం ఈదురుగాలి, ఉరుములు, ఆపైన కరెంటు కోత మామూలే. యూపీఎస్ బ్యాటరీ పాతదైతే హోస్ట్ కూడా పడిపోతుంది. కరెంటు వచ్చాక మెషీన్ లేస్తుంది, నెట్‌వర్క్ మాత్రం లేవదు. వోల్టేజ్ దెబ్బకి కార్డు పోయిందనే అనుమానం సహజం. కార్డు నిజంగా పోవచ్చు కూడా. కానీ అంతకంటే ముందు చూడాల్సింది వేరే ఉంది.

ఎప్పటికప్పుడు అప్‌డేట్లు వేస్తూ రీబూట్ చేయకుండా నెలల తరబడి నడిపిన హోస్ట్‌లో, డిస్క్ మీద ఉన్న కెర్నెల్ వేరు, మెమరీలో నడుస్తున్న కెర్నెల్ వేరు. కరెంటు కోత ఆ కొత్త కెర్నెల్‌ని మొదటిసారి బయటికి తెస్తుంది. సిస్టమ్ లాగ్ (జర్నల్) చూపించే జర్నల్‌సీటీఎల్‌లో లిస్ట్-బూట్స్ ఆప్షన్‌తో పాత బూట్ల జాబితా వస్తుంది. వెనకటి బూట్ లాగ్ మొదటి లైన్లో ఉన్న కెర్నెల్ వెర్షన్‌ని ఇప్పటిదానితో పోల్చి చూస్తే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. వెర్షన్లు వేరైతే దర్యాప్తు డ్రైవర్ వైపు తిరగాలి. డీమెసేజ్ చూపించేది ఇప్పటి బూట్ మాటలే, అవీ రింగ్ బఫర్ నిండితే పాతవి చెరిగిపోతాయి. అందుకే ఇలాంటి పనికి జర్నల్ మీదే ఆధారపడాలి. జర్నల్ డిస్క్ మీద నిలవ ఉండేలా ముందే సెట్ చేసి ఉండాలనేది వేరే చెప్పక్కర్లేదు.

కొత్త కెర్నెల్ గానీ, కొత్తగా పెట్టిన ఎన్‌వీఎంఈ (డిస్క్) కార్డు గానీ తెచ్చే ఇంకో తంటా ఇంటర్‌ఫేస్ పేరు మారడం. లైనక్స్‌లో సర్వీసులు నడిపే సిస్టమ్‌డీ ఇచ్చే పేర్లలో పీసీఐ బస్ నంబరు ఉంటుంది. నిన్నటి ఈఎన్‌పీ3ఎస్0 ఇవాళ ఈఎన్‌పీ4ఎస్0 అవుతుంది. బ్రిడ్జ్ కాన్ఫిగరేషన్‌లో పాత పేరే ఉంటుంది కాబట్టి బ్రిడ్జ్ లేస్తుంది, ఐపీ అడ్రస్ కూడా కనిపిస్తుంది, అందులో కేబుల్ వైపు పోర్టే ఉండదు. గెస్టులు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి, బయటికి మాత్రం పోవు. కార్డు సొంత చిరునామా అయిన మ్యాక్ అడ్రస్‌ని ఆధారం చేసుకుని పేరు ఖాయం చేసే లింక్ ఫైల్ ఒకటి సిస్టమ్‌డీ నెట్‌వర్క్ ఫోల్డర్‌లో రాసిపెడితే ఈ బెడద పోతుంది. ‘ప్రిడిక్టబుల్’ అని పేరు పెట్టిన పద్ధతి ఇంతలా ఆశ్చర్యపరచడం కాస్త విడ్డూరమే.

మూడోది, అడ్మిన్ ఎప్పుడో రాత్రి కమాండ్ లైన్‌లో కొట్టి ఫైల్‌లో రాయడం మరిచిపోయిన ఫైర్‌వాల్ రూల్స్, సిస్‌కంట్రోల్ మార్పులు. రీబూట్‌తో అవి ఆవిరైపోతాయి. నెలల క్రితం నోరు మూయించిన సమస్య మళ్లీ నోరు విప్పుతుంది. నింద మాత్రం గాలివాన మీద పడుతుంది.

కార్డు బిగుసుకుపోయినప్పుడు

డీమెసేజ్‌లో అందరినీ భయపెట్టే మెసేజ్ ‘నెట్‌డెవ్ వాచ్‌డాగ్: ట్రాన్స్‌మిట్ క్యూ టైమ్డ్ అవుట్’. దాని కింద పేజీ పొడవునా స్టాక్ ట్రేస్ (నడుస్తున్న ఫంక్షన్ల వరస) వస్తుంది. ఆ ట్రేస్‌ని చదివి కారణం పట్టుకోవాలని చూడటం వృథా ప్రయాస. అందులో కనిపించేది డెవ్ వాచ్‌డాగ్ అనే ఫంక్షన్, దాన్ని పిలిచిన టైమర్, అంతే. జరిగిందేమిటంటే, డ్రైవర్ ఇక చాలని క్యూని ఆపింది, కార్డు పంపడం పూర్తిచేసి క్యూని మళ్లీ తెరవాలి, అది నిర్ణీత గడువులో జరగలేదు. ఆ గడువు డ్రైవర్ వేరే చెప్పకపోతే 5 సెకన్లు. అప్పుడు కెర్నెల్ ఆ డ్రైవర్‌ని రీసెట్ చేసుకోమంటుంది. అంటే ఈ మెసేజ్ ఒక వాయిదా దాటిన నోటీసు మాత్రమే. వాయిదా ఎందుకు దాటిందో దాని ముందున్న లైన్లలో వెతకాలి. పాత కెర్నెళ్లలో ఈ పెద్ద ట్రేస్ బూట్‌కి ఒక్కసారే వస్తుంది. ‘మొన్న ఒకసారి వచ్చింది, మళ్లీ రాలేదు’ అనుకోవడానికి వీల్లేదు, డ్రైవర్ రీసెట్ అయిన మాటలు ఆ తర్వాత ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టాలి.

ముందు లైన్లలో పీసీఐఈ (కార్డుని మదర్‌బోర్డుకి కలిపే లింక్) ఎర్రర్లు ఉంటే కార్డు స్లాట్‌లో సరిగా కూర్చుందా, వేడెక్కుతోందా, పవర్ సేవింగ్ కోసం లింక్‌ని నిద్రపుచ్చే ఏఎస్‌పీఎం ఆన్‌లో ఉందా అనేది చూడాలి. ఇంటెల్ ఐ225, ఐ226 లాంటి కార్డులు వాడే ఐజీసీ డ్రైవర్ ‘పీసీఐఈ లింక్ లాస్ట్’ అని సూటిగానే చెబుతుంది. ఏసీ లేని గదిలో, వేసవిలో, చిన్న మినీ పీసీని హోస్ట్‌గా వాడేవాళ్లు ఈ లైన్‌ని సాఫ్ట్‌వేర్ లోపం అనుకునేముందు డబ్బా మీద చెయ్యి పెట్టి చూడటం మంచిది.

పీసీఐఈ ఎర్రర్లేవీ లేకుండా ‘డిటెక్టెడ్ హార్డ్‌వేర్ యూనిట్ హ్యాంగ్’ అని వస్తే అది ఇంటెల్ ఈ1000ఈ డ్రైవర్ మాట. ఆఫీస్ డెస్క్‌టాపులనీ మినీ పీసీలనీ హోస్టులుగా మార్చుకునేవాళ్లకి ఇది బాగా పరిచయం, ఎందుకంటే వాటి మదర్‌బోర్డుల మీద ఉండేది ఎక్కువగా ఐ217, ఐ219 కార్డులే. ఇక్కడ అనుమానితుడు టీఎస్ఓ అనే సదుపాయం. కెర్నెల్ 64 కేబీ దాకా ఉన్న పెద్ద ముక్కను కార్డుకిస్తే, కార్డే దాన్ని 1500 బైట్ల ఫ్రేములుగా కోస్తుంది. సీపీయూకి పని తగ్గుతుంది. గెస్టులు పెరిగి ట్రాఫిక్ ఎక్కువైతే కొన్ని కార్డులు ఆ కోతలో బిగుసుకుపోతాయి. కార్డు సెట్టింగులు మార్చే ఎథ్‌టూల్‌తో టీఎస్ఓ, అదే పని సాఫ్ట్‌వేర్‌లో చేసే జీఎస్ఓ రెండూ ఆపేస్తే చాలా హోస్టుల్లో సమస్య సద్దుమణుగుతుంది. 1 గిగాబిట్ లింక్ మీద ఇందుకు కట్టే సీపీయూ మూల్యం పెద్దది కాదు. 10 గిగాబిట్ మీద అదే మందు వాడితే మాత్రం వేరే రోగం తెచ్చుకున్నట్టే. ఇది చికిత్స కాదు, తప్పుకుపోవడం. అయినా కార్డు మార్చే అవకాశం లేనిచోట గౌరవంగానే తప్పుకుపోవచ్చు.

ఏ మెసేజూ రాని ఎర్రర్

అన్నిటికంటే ఎక్కువ గంటలు మింగేది లాగ్‌లో ఒక్క అక్షరం కూడా రాయని సమస్య. ఒక మామూలు వరస చూడండి. కేవీఎం హోస్ట్ హాయిగా నడుస్తోంది. ఎవరో ఒక చిన్న టూల్ కోసం అదే హోస్ట్ మీద డాకర్ (కంటెయినర్లు, అంటే ఒకే కెర్నెల్ మీద విడివిడిగా నడిచే అప్లికేషన్లు, నడిపేది) ఇన్‌స్టాల్ చేస్తారు. ఆ క్షణం నుంచి గెస్టులకు నెట్‌వర్క్ లేదు. డీమెసేజ్‌లో కనిపించేది ‘పోర్ట్ ఫార్వర్డింగ్ స్టేట్‌లోకి వచ్చింది’, ‘ప్రామిస్క్యువస్ మోడ్‌లోకి వచ్చింది’ లాంటి నిత్యకృత్యాలే. అవి ఎర్రర్లు కావు, బ్రిడ్జ్‌కి పోర్టు తగిలించినప్పుడల్లా వచ్చేవే.

లోపల జరిగింది రెండు మెట్లు. 3.18 కెర్నెల్ నుంచి బ్రిడ్జ్ ట్రాఫిక్‌ని ఐపీటేబుల్స్‌కి (కెర్నెల్ ఫైర్‌వాల్‌కి) చూపించే పని బీఆర్-నెట్‌ఫిల్టర్ అనే విడి మాడ్యూల్‌కి అప్పగించారు. ఆ మాడ్యూల్ లోడ్ కాకపోతే గెస్ట్ ఫ్రేములు ఫైర్‌వాల్ కంట పడకుండా నేరుగా పోతాయి. లోడ్ అయితే మాత్రం దాని డిఫాల్ట్ విలువ 1, అంటే ఫ్రేములన్నీ హోస్ట్ ఫైర్‌వాల్ గుండా వెళ్లాల్సిందే. డాకర్ చాలా వెర్షన్లలో ఆ మాడ్యూల్‌ని లోడ్ చేస్తుంది. రెండో మెట్టు, 2017లో వచ్చిన 1.13 వెర్షన్ నుంచి డాకర్ ఫార్వర్డ్ చైన్ (హోస్ట్ గుండా దాటిపోయే ట్రాఫిక్ రూల్స్ జాబితా) పాలసీని డ్రాప్‌కి, అంటే పారేయడానికి, మారుస్తుంది. రెండూ విడివిడిగా సమంజసమే. కలిస్తే గెస్టుల పీక నొక్కినట్టవుతుంది. పాలసీ ప్రకారం ప్యాకెట్‌ని పడేయడం ఎర్రర్ కాదు కాబట్టి కెర్నెల్ నోరెత్తదు.

దీన్ని గుర్తుపట్టే లక్షణాలు స్పష్టంగా ఉంటాయి. గెస్ట్‌లో ఐపీ నైబర్ చూస్తే గేట్‌వే మ్యాక్ అడ్రస్ దొరికి ఉంటుంది, ఎందుకంటే మ్యాక్ అడిగి తెలుసుకునే ఏఆర్‌పీ ఐపీటేబుల్స్ గుండా పోదు. కానీ పింగ్ వెళ్లదు. హోస్ట్ నుంచి గెస్ట్‌కి పింగ్ వెళుతుంది, హోస్ట్ నుంచి గేట్‌వేకీ వెళుతుంది, ఎందుకంటే అవి ఇన్‌పుట్, అవుట్‌పుట్ చైన్ల సంగతి. గెస్ట్ నుంచి గేట్‌వేకి మాత్రం వెళ్లదు, అది ఫార్వర్డ్ చైన్. ఈ మూడూ కలిసి కనిపిస్తే కేబుల్, స్విచ్, డ్రైవర్ జోలికి పోనక్కర్లేదు. ప్యాకెట్లను చూపించే టీసీపీడంప్‌ని ట్యాప్ మీద ఒకటి, అసలు కార్డు మీద ఒకటి పెడితే ట్యాప్‌లో కనిపించిన ప్యాకెట్ కార్డు దగ్గరికి చేరకపోవడం కళ్లారా చూడొచ్చు.

చికిత్స దగ్గర ఇంకో తిరకాసు ఉంది. బ్రిడ్జ్-ఎన్‌ఎఫ్-కాల్-ఐపీటేబుల్స్ (పైన డిఫాల్ట్ 1 అన్న సెట్టింగ్) విలువని 0 చేయమని, గెస్టులను నిర్వహించే లిబ్‌వర్ట్ లోకంలో సలహా. దాన్ని 1 చేయమని, కంటెయినర్లను నిర్వహించే కుబర్నెటీస్ గైడ్లలో సలహా. ప్రాక్స్‌మాక్స్ సొంత ఫైర్‌వాల్ వాడేవాళ్లకి అది 1 ఉండాల్సిందే, లేకపోతే గెస్టులకు పెట్టిన రూల్స్ పనిచేయవు. ఒకే హోస్ట్ మీద మూడు గైడ్లు పాటిస్తే చివర పాటించినదే నెగ్గుతుంది. పైగా ఆ విలువని సిస్‌కంట్రోల్ ఫైల్‌లో రాసినా బూట్ సమయానికి మాడ్యూల్ లోడ్ అయి ఉండకపోతే ఆ కీ అంటూ ఉండదు. ఆ లైన్ వర్తించకుండానే పోతుంది, తర్వాత మాడ్యూల్ లోడ్ అయినప్పుడు డిఫాల్ట్ 1 వచ్చి కూర్చుంటుంది. మాడ్యూల్స్-లోడ్ జాబితాలో మాడ్యూల్ పేరు రాసి ముందే లోడ్ చేయిస్తే ఈ గొడవ ఉండదు. అన్నిటికంటే శుభ్రమైన దారి డాకర్‌ని హోస్ట్ మీద కాకుండా ఒక గెస్ట్‌లో పెట్టడం. ప్రాక్స్‌మాక్స్ వాళ్లు చెప్పేదీ అదే. డాకర్ హోస్ట్ మీదే ఉండక తప్పదంటే డాకర్-యూజర్ చైన్‌లో బ్రిడ్జ్ ట్రాఫిక్‌ని అనుమతించే రూల్ పెట్టుకోవాలి.

మౌనంగా పడిపోయే ప్యాకెట్ల విషయంలో కొత్త కెర్నెళ్లు చాలా మేలు. 5.17 నుంచి మొదలుపెట్టి, కెర్నెల్ ప్యాకెట్‌ని పారేసినప్పుడు కారణం కూడా ట్రేస్‌పాయింట్‌లో (కెర్నెల్ పనిని బయటినుంచి గమనించే చోట) రాస్తోంది. పెర్ఫ్ టూల్‌తో కేఫ్రీ-ఎస్‌కేబీ ట్రేస్‌పాయింట్‌ని కొన్ని సెకన్లు చూస్తే, నెట్‌ఫిల్టర్ పారేసిందా, వినే సాకెట్ లేక పోయిందా, చెక్‌సమ్ తేడాతో పోయిందా అనేది పేరుతో సహా వస్తుంది. ఊహించుకుంటూ సెట్టింగులు మార్చే అలవాటుని ఈ ఒక్క సదుపాయం మాన్పించాలి, మాన్పించడం లేదు.

కౌంటర్లు తలకిందులుగా చదివితే

ఐపీ లింక్ కమాండ్‌కి -ఎస్ ఆప్షన్ ఇస్తే ప్రతి ఇంటర్‌ఫేస్‌కీ ఎన్ని ప్యాకెట్లు వచ్చాయి, పోయాయి, పడిపోయాయి అనేది వస్తుంది. ట్యాప్ ఇంటర్‌ఫేస్ దగ్గర చాలామంది పొరబడేది దిక్కు విషయంలో. హోస్ట్‌లో వీనెట్0 (ట్యాప్ పేరు) మీద టీఎక్స్ (పంపినవి) అంటే హోస్ట్ నుంచి గెస్ట్‌కి పోయేది, గెస్ట్‌కి అది ఆర్‌ఎక్స్ (అందినవి). అక్కడ టీఎక్స్ డ్రాప్స్ పెరుగుతుంటే కార్డుదో కేబుల్‌దో తప్పు కాదు. హోస్ట్ వడ్డిస్తోంది, గెస్ట్ తీసుకోవడం లేదు. గెస్ట్ వీసీపీయూకి (దాని నకిలీ సీపీయూకి) అసలు సీపీయూ మీద వంతు రావడం లేదన్నది మొదటి అనుమానం. గెస్ట్‌లో టాప్ కమాండ్ చూస్తే స్టీల్ టైమ్ (వంతు కోసం ఎదురుచూసిన సమయం) ఎక్కువగా ఉంటుంది. 8 కోర్ల మెషీన్ మీద 40 వీసీపీయూలు పంచిన ల్యాబ్‌లో, విద్యార్థులందరూ ఒకేసారి ఎక్సర్‌సైజ్ మొదలుపెట్టినప్పుడు ఇలా కాకపోతేనే వింత. రెండోది వర్టియో రింగ్ (ప్యాకెట్లు ఉంచే క్యూ) చిన్నది కావడం. కేవీఎంతో కలిసి గెస్ట్‌ని నడిపే క్యూఈఎంయూలో ఆర్‌ఎక్స్ రింగ్ డిఫాల్ట్ 256, దాన్ని 1024 దాకా పెంచొచ్చు. మల్టీక్యూ పెట్టి ఒక గెస్ట్ ట్రాఫిక్‌ని అనేక వీసీపీయూల మీదికి పంచొచ్చు. అయితే వంతే రాని వీసీపీయూకి ఎంత పెద్ద రింగ్ ఇచ్చినా నింపుకుంటుందే తప్ప ఖాళీ చేయదు.

అసలు కార్డు దగ్గర ఆర్‌ఎక్స్ వైపు మూడు రకాల నష్టాలను కలిపి ‘ప్యాకెట్ లాస్’ అనేయకూడదు. సీఆర్‌సీ ఎర్రర్లు (దారిలో పాడైన ఫ్రేములు) పెరిగితే తప్పు కేబుల్, కనెక్టర్, ఎస్‌ఎఫ్‌పీ (పోర్టులో గుచ్చే మాడ్యూల్) వీటిది. ఇందులో సాఫ్ట్‌వేర్ ప్రమేయం లేదు, కేబుల్ మార్చి చూడటానికి పది నిమిషాలు. మిస్డ్ ఎర్రర్లు పెరిగితే కార్డు దగ్గర బఫర్ చాల్లేదు, కెర్నెల్ వేగంగా ఎత్తుకుపోవడం లేదు. ఎథ్‌టూల్‌లో చిన్న జీ ఆప్షన్‌తో రింగ్ సైజు చూసి, పెద్ద జీ ఆప్షన్‌తో పెంచాలి. ఇక ఆర్‌ఎక్స్ డ్రాప్డ్ అనే అంకె చాలాసార్లు నిరపాయం. స్విచ్ పంపే ఎల్‌ఎల్‌డీపీ లాంటి, హోస్ట్‌కి అక్కర్లేని ప్రోటోకాల్ ఫ్రేములు కూడా అందులోకే చేరతాయి. సెకనుకో రెండు సెకన్లకో ఒకటి చొప్పున తీరుగా పెరుగుతుంటే దాని గురించి టెన్షన్ పడనక్కర్లేదు.

కార్డుకీ బ్రిడ్జ్‌కీ మధ్య సీపీయూ పడే పాట్లు ప్రాక్ కింద నెట్ ఫోల్డర్‌లోని సాఫ్ట్‌నెట్-స్టాట్ ఫైల్‌లో ఉంటాయి. సీపీయూకి ఒక వరస, అంకెలన్నీ హెక్సాడెసిమల్. శీర్షికలు లేవు కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సిందే: మొదటి నిలువు వరస మొత్తం ప్యాకెట్లు, రెండోది బ్యాక్‌లాగ్ నిండి పారేసినవి, మూడోది ఇంకా పని మిగిలుండగానే గడువైపోయి ఆపేసిన సందర్భాలు. రెండోది పెరిగితే నెట్‌డెవ్-మ్యాక్స్-బ్యాక్‌లాగ్, దాని డిఫాల్ట్ 1000. మూడోది పెరిగితే నెట్‌డెవ్-బడ్జెట్, డిఫాల్ట్ 300. కానీ ఈ అంకెలు పెంచే ముందు అన్ని వరసలూ సమానంగా ఉన్నాయా అని చూడాలి. 16 సీపీయూల్లో ఒక్కదాని వరసే ఉబ్బి మిగతావి ఖాళీగా ఉంటే, ఇంటరప్టులన్నీ ఒకే సీపీయూ మోస్తోందని అర్థం. అప్పుడు పెంచాల్సింది బడ్జెట్ కాదు, కార్డు క్యూలను పంచాలి. ఒకే క్యూ ఉన్న చవక కార్డైతే ఆర్‌పీఎస్‌తో సాఫ్ట్‌వేర్‌లో పంచుకోవచ్చు.

హోస్ట్‌లో టీసీపీడంప్ పెట్టినప్పుడు ‘చెక్‌సమ్ ఇన్‌కరెక్ట్’ అని వరసగా వస్తే గాభరా పడొద్దు. చెక్‌సమ్ (డేటాని సరిచూసే అంకె) వేసే పని కార్డుకి వదిలేశారు కాబట్టి కార్డుకి చేరకముందు చూస్తే అది తప్పుగానే కనిపిస్తుంది.

టేబుళ్లు నిండినప్పుడు

‘ఎన్‌ఎఫ్-కాన్‌ట్రాక్: టేబుల్ ఫుల్, డ్రాపింగ్ ప్యాకెట్’ అనే మాటలో దాపరికం ఏమీ లేదు: ఫైర్‌వాల్ కనెక్షన్లను గుర్తుపెట్టుకునే టేబుల్ నిండిపోయింది. ఎక్కువ మెమరీ ఉన్న హోస్టుల్లో పరిమితి సాధారణంగా 262144. పెంచడం తేలిక, ఒక్కో ఎంట్రీ కొన్ని వందల బైట్లే. పెంచేముందు ఆ టేబుల్‌ని నింపుతున్నది ఎవరో చూడాలి. టీసీపీ కనెక్షన్ ఎస్టాబ్లిష్ అయ్యాక ఎంట్రీ డిఫాల్ట్‌గా 432000 సెకన్లు, అంటే 5 రోజులు, కదలిక లేకపోయినా అలాగే ఉంటుంది. సరిగ్గా ముగించకుండా మధ్యలో వదిలేసే కనెక్షన్లు ఎక్కువైతే టేబుల్ శవాలతో నిండిపోతుంది. ఆ గడువుని కొన్ని గంటలకు తగ్గించడం చాలాచోట్ల పరిమితి పెంచడం కంటే మంచి మందు. కాన్‌ట్రాక్ టూల్‌తో జాబితా తీసి సోర్స్ ఐపీ వారీగా లెక్కిస్తే, ఒకే గెస్ట్ పేరు మీద వేల ఎంట్రీలు కనిపించడం కూడా మామూలే. పోర్ట్ స్కానింగ్ ఎక్సర్‌సైజులు చేయించే ల్యాబుల్లో అది ఎవరి పనో చెప్పక్కర్లేదు. స్కాన్ కాకుండా హ్యాక్ అయిన గెస్ట్ అయితే పరిమితి పెంచడమంటే దానికి తోడ్పడటమే. అసలు బ్రిడ్జ్ మీద ఫైర్‌వాల్ అవసరమే లేని హోస్ట్‌లో ఈ మెసేజ్ వస్తుంటే, పైన చెప్పిన బీఆర్-నెట్‌ఫిల్టర్ ఎందుకు లోడ్ అయి ఉందన్నదే అసలు ప్రశ్న.

‘నైబర్ టేబుల్ ఓవర్‌ఫ్లో’ ఇంకా సూటి: ఏ ఐపీకి ఏ మ్యాక్ అని రాసుకునే టేబుల్ నిండింది. డిఫాల్ట్ గరిష్ఠం 1024. హోస్టే రౌటర్‌గా పనిచేస్తూ పెద్ద సబ్‌నెట్‌కి దారి చూపుతుంటే దాటిపోతుంది. ఆ టేబుల్ పరిమితులైన జీసీ-థ్రెష్ మూడు విలువలనూ కలిపి పెంచితే చాలు.

ఈ మెసేజ్‌ల పక్కన ‘కాల్‌బ్యాక్స్ సప్రెస్డ్’ అని అంకెతో ఒక లైన్ ఉంటే దాన్ని దాటవేయొద్దు. లాగ్ నిండిపోకుండా కెర్నెల్ ఎన్ని మెసేజ్‌లు మింగేసిందో ఆ అంకె చెబుతుంది. లాగ్‌లో పది లైన్లే కనిపించాయని సమస్య చిన్నదనుకోకూడదు.

తన గొంతే తనకు వినిపిస్తే

‘రిసీవ్డ్ ప్యాకెట్ విత్ ఓన్ అడ్రస్ యాజ్ సోర్స్ అడ్రస్’ అనేది బ్రిడ్జ్ మాట. తన మ్యాక్‌తో బయటికి పోయిన ఫ్రేమ్ తిరిగి తన దగ్గరికే వచ్చింది. హోస్ట్‌లో వెతికేకంటే ముందు బయట వెతకాలి. టేబుల్ కింద ఎనిమిది పోర్టుల చిన్న స్విచ్‌లో ఎవరో రెండు కొసలూ గుచ్చిన కేబుల్, లేదా హోస్ట్‌లో రెండు కార్డులను బాండ్ చేసి స్విచ్ వైపు ల్యాగ్ (పోర్టుల జట్టు) పెట్టకపోవడం. రౌండ్ రాబిన్ బాండ్ పెట్టినప్పుడు స్విచ్‌కి ఆ రెండు పోర్టులూ ఒకే జట్టని తెలియకపోతే, ఒక పోర్టులో పోయిన బ్రాడ్‌కాస్ట్‌ని రెండో పోర్టులో తిప్పి పంపుతుంది. స్విచ్‌లో ల్యాగ్ పెట్టే వీలు లేకపోతే యాక్టివ్-బ్యాకప్ మోడ్ (ఒక కార్డు పనిచేస్తుంటే రెండోది సిద్ధంగా ఉండేది) పెట్టుకోవడం క్షేమం.

మూడో కారణం క్లోనింగ్. ఒక గెస్ట్‌ని కాపీ చేసి మ్యాక్ మార్చకపోతే బ్రిడ్జ్, స్విచ్ రెండూ ఆ మ్యాక్ ఎటు ఉందో తేల్చుకోలేక అటూ ఇటూ మారుస్తుంటాయి. మ్యాక్ మార్చినా కథ అయిపోదు. మెషీన్-ఐడీ ఫైల్ రెండిట్లోనూ ఒకటే అయితే సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ దాన్నుంచే డీహెచ్‌సీపీ (ఐపీలు పంచే సర్వీస్) ఐడీ తయారు చేసుకుంటుంది కాబట్టి, మ్యాక్‌లు వేరైనా రెండు గెస్టులకూ ఒకే ఐపీ రావచ్చు. టెంప్లేట్ చేసేముందు ఆ ఫైల్‌ని ఖాళీ చేసి పెట్టడం అందుకే. ఇదే కోవలో ఒక ముచ్చట: లిబ్‌వర్ట్ గెస్ట్‌కి 52:54:00తో మొదలయ్యే మ్యాక్ ఇస్తుంది, అదే గెస్ట్ ట్యాప్‌కి హోస్ట్ వైపు మాత్రం ఎఫ్‌ఈ:54:00 అని పెడుతుంది. బ్రిడ్జ్‌కి ప్రత్యేకంగా మ్యాక్ ఇవ్వకపోతే పోర్టుల్లో అన్నిటికంటే చిన్న మ్యాక్‌ని తనదిగా తీసుకుంటుంది. ట్యాప్ మ్యాక్ పెద్దదైతే గెస్ట్ లేచినప్పుడల్లా హోస్ట్ మ్యాక్ మారిపోయే ప్రమాదం ఉండదు. చేత్తో ట్యాప్‌లు తయారుచేసే స్క్రిప్టుల్లో ఈ జాగ్రత్త ఉండదు, ఒక గెస్ట్ స్టార్ట్ చేయగానే హోస్ట్ ఎస్ఎస్‌హెచ్ (రిమోట్ లాగిన్) కాసేపు బిగుసుకుపోతే అనుమానించాల్సింది దీన్నే.

సగం పనిచేసే నెట్‌వర్క్

పింగ్ వెళుతుంది, ఎస్ఎస్‌హెచ్ కనెక్ట్ అవుతుంది, పెద్ద ఫైల్ కాపీ మాత్రం ఆగిపోతుంది. ఇలా ఉంటే కారణం ఎంటీయూ, అంటే ఒక ప్యాకెట్‌లో పట్టే గరిష్ఠ బైట్లు. నెట్‌వర్క్ మీద ఇంకో నెట్‌వర్క్ కట్టే వీఎక్స్‌లాన్ 50 బైట్లు తింటుంది, కాబట్టి 1500 ఉన్న నెట్‌వర్క్ మీద గెస్ట్‌కి 1450 ఇవ్వాలి. వైర్‌గార్డ్ వీపీఎన్ డిఫాల్ట్‌గా 1420 పెట్టుకుంటుంది. పీపీపీఓఈ (లాగిన్‌తో నడిచే బ్రాడ్‌బ్యాండ్) కనెక్షన్ మీద 1492. మియాపూర్ ఇంట్లోని ఫైబర్ నుంచి వీపీఎన్ మీదుగా మాదాపూర్ హోస్ట్‌లోని గెస్ట్‌కి పోయే ప్యాకెట్ ఇలాంటివి రెండు మూడు దాటుతుంది. మధ్యలో ఎవరైనా ఐసీఎంపీని (పింగ్, ఎర్రర్ కబుర్లు మోసే ప్రోటోకాల్‌ని) మొత్తంగా బ్లాక్ చేస్తే ‘చిన్నది పంపు’ అనే కబురు వెనక్కి రాదు. పింగ్‌లో ముక్కలు చేయొద్దనే ఆప్షన్ పెట్టి 1472 సైజుతో మొదలుపెట్టి తగ్గించుకుంటూ పోతే అసలు దారి వెడల్పు తేలుతుంది. 1464 దగ్గర వెళితే, హెడర్ల 28 బైట్లు కలిపి ఎంటీయూ 1492.

ఇక ‘అన్‌రిజిస్టర్ నెట్‌డివైస్: వెయిటింగ్ ఫర్ ... టు బికమ్ ఫ్రీ, యూసేజ్ కౌంట్ = 1’ అని పది సెకన్లకోసారి కన్సోల్‌లో తిరిగి తిరిగి వచ్చే మెసేజ్ గురించి ఒక మాట. కంటెయినర్లు కూడా నడిపే హోస్టుల్లో ఇది ఎక్కువ. ఒక ఇంటర్‌ఫేస్‌ని తీసేయమన్నారు, కానీ కెర్నెల్‌లో ఎవరో దాన్ని ఇంకా పట్టుకున్నట్టు లెక్క చూపిస్తోంది. ఒకటి రెండుసార్లు వచ్చి ఆగితే పట్టించుకోనక్కర్లేదు. ఆగకపోతే అది కెర్నెల్‌లోని రిఫరెన్స్ లీక్, యూజర్ స్పేస్‌లో ఏ కమాండ్ కొట్టినా ఆ పట్టు వదలదు. ఈలోపు కొత్త ఇంటర్‌ఫేస్‌లు తయారుచేసే పనులు ఒకదాని వెనక ఒకటి లాక్ దగ్గర నిలబడిపోతాయి, కొత్త గెస్ట్ స్టార్ట్ కాదు, కొన్నిసార్లు ఐపీ లింక్ కమాండే తిరిగి రాదు. నడుస్తున్న గెస్టులు మాత్రం చాలాసేపు మామూలుగానే ఉంటాయి. రెండో హోస్ట్ ఉంటే ఆ వ్యవధిలోనే గెస్టులను అటు మైగ్రేట్ చేసి, కేడంప్ (కెర్నెల్ మెమరీని భద్రపరిచే సదుపాయం) ఉంటే ఒక క్రాష్ డంప్ తీసుకుని, ఈ హోస్ట్‌ని సరిచేసిన కెర్నెల్‌తో రీబూట్ చేయాలి. రెండో హోస్ట్ లేకపోతే గెస్టులను లోపలినుంచి ఒక్కొక్కటిగా షట్‌డౌన్ చేశాకే రీబూట్ కొట్టాలి. ఆ లాక్ వల్ల మామూలు రీబూట్ కూడా మధ్యలో నిలిచిపోవచ్చు కాబట్టి, సర్వర్ బీఎంసీ (దూరం నుంచి సర్వర్‌ని ఆన్-ఆఫ్ చేసే చిప్) పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకునే ఆ పని మొదలుపెట్టాలి.